చెయ్యి పట్టుకోకుండా లేవడం

మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళు ఎవరింట్లో పేరంటం జరిగినా, పుట్టినరోజు జరిగినా, గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉండేది. లోపల సోఫాలు ఖాళీగా ఉన్నా సరే, అక్కడే, మెట్టు మీద, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని. త్వరగా వెళ్ళిపోవాలని చూస్తోందేమో అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చెప్పులు ఎలా వేసుకుంటున్నారో చూస్తోందని. ఎవరు గోడ పట్టుకున్నారు, ఎవరు ఒంటికాలి మీద నిలబడగలిగారు, ఎవరు మనవణ్ణి పిలిచి బూటు లేసు కట్టించుకున్నారు, ఇదీ ఆ అమ్మాయి కాలక్షేపం. అదేం చూడటమే తల్లీ అని అడిగితే, "చెప్పులేసుకునేటప్పుడే ఆంటీ, మనిషి బ్యాలెన్స్ ఏంటో బయటపడేది," అంది. అప్పటినుంచీ నేను తన ముందు చెప్పులు వేసుకోవడానికి భయపడ్డాను.

పేరు శశికళ. మా పక్క టౌన్‌హోమే. నరసరావుపేటలో పెరిగింది. అక్కడే ఫిజియోథెరపీ చదివి, మాస్టర్స్ కోసం ఇక్కడికొచ్చి, చివరికి ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో చేరింది. దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు ఎలా నడుస్తున్నారో కెమెరాలు పెట్టి కొలిచే ల్యాబ్ అది. వయసు ముప్పయ్యారో, ముప్పయ్యేడో. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని నన్నడక్కండి. ఈ ఊళ్ళో నేను ఎవరినీ అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

మా వంటింటికీ వాళ్ళ వంటింటికీ మధ్య ఒక్క గోడ. అవతల కుక్కరు కూత నాకు వినిపించేది. ఆ కూత తప్ప ఇంకేదీ వినిపించేది కాదు. టీవీ లేదు, ఫోన్లో కబుర్లు లేవు, ఎవరైనా వచ్చిన సందడి లేదు. పొద్దున గరాజ్ తలుపు లేచేది, సాయంత్రం మళ్ళీ లేచి దిగేది, అంతే. నేను పిలిస్తే వచ్చేది, పెడితే తినేది, అడిగితే చెప్పేది. తనంతట తాను మాత్రం మా తలుపు ఏనాడూ తట్టలేదు. ఒక జనవరిలో మోకాలు లోతున మంచు పడింది. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల ఇల్లూడ్చే డస్ట్‌పాన్‌తో కారు ముందు మంచు తవ్వుతోంది. మా పార ఎదురుగా మా వసారాలోనే నిలబెట్టి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అయినా తీసుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. శాలువా కప్పుకుని వెళ్ళి ఆ పార తన కాళ్ళ దగ్గర పడేసి లోపలికొచ్చేశాను. సాయంత్రానికల్లా శుభ్రంగా తుడిచి, ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

అసలు మాకు చనువు ఎలా కుదిరిందంటే, మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం నాడు. పూజంతా కింద కూర్చునే చేస్తానని నేను పంతం పట్టాను. కూర్చోవడం బాగానే కూర్చున్నాను. హారతి అయ్యాక లేవబోతే మోకాళ్ళు మొరాయించాయి. నలుగురు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి నా రెండు రెక్కలూ పట్టుకుని పైకి లాగబోయారు. చెప్పుల దగ్గర్నుంచి శశికళ వచ్చి, అందరినీ మెల్లగా పక్కకి జరిపి, నా ఎదురుగా తనూ కింద కూర్చుంది.

"నేను చెయ్యి ఇవ్వను ఆంటీ. మీరే లేస్తారు. ముందు పక్కకి తిరగండి. రెండు చేతులూ నేల మీద పెట్టండి. ఇప్పుడు మోకాళ్ళ మీదికి రండి. ఒక పాదం ముందుకి."

లేచాను. పట్టుచీర నలిగిపోయింది గానీ లేచాను. మా ఆయన రాధాకృష్ణ చప్పట్లు కొట్టాడు, ఆ మనిషికి ఎప్పుడేం చెయ్యాలో తెలియదు. ఆ రోజునుంచీ ప్రతి శనివారం నేను ఫోన్ చేస్తే శశికళ వచ్చి నన్ను కింద కూర్చోబెట్టి లేపేది. లేపేది అంటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసేది. ఎంత బతిమాలినా చెయ్యి అందించేది కాదు.

అలా ఒక శనివారం తన మనసులో మాట చెప్పింది. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చేసిన పెద్దవాళ్ళు ఇక్కడ డైనింగ్ టేబుల్, సోఫా, మంచం, కారు సీటు తప్ప నేల ముట్టరు. కొన్నేళ్ళకి కిందికి దిగడమే మర్చిపోతారు. అలా మర్చిపోయినవాళ్ళు ఎప్పుడైనా పడితే, దెబ్బ చిన్నదైనా లేవలేరు. పిల్లలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా అలాగే పడుంటారు. కింద కూర్చునే అలవాటు పోకుండా ఉంటే ఎంతమంది తమంతట తాము లేవగలరో లెక్క కట్టాలని తన కోరిక. అందుకు పీహెచ్‌డీ చెయ్యాలి, కినీషియాలజీలో. అంటే మనిషి ఒళ్ళు ఎలా కదులుతుందో చదివే చదువు.

"ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు పడితే ఎలా అన్నదే నా భయం ఆంటీ," అంది. ఎవరి గురించి చెబుతోందో నాకు అర్థమైంది. కాఫీ కలపడానికి లేచి వెళ్ళాను.

ఈ సంగతి బయటికి పొక్కగానే మనవాళ్ళు ఊరుకుంటారా? కినీషియాలజీ అంటే జిమ్ కోచింగా అని ఒకరు. హెచ్‌వన్ ఉద్యోగ వీసా చేతిలో పెట్టుకుని మళ్ళీ ఎఫ్‌వన్ చదువు వీసాకి వెళ్తారా ఎవరైనా, బుద్ధుందా అని ఇంకొకరు. ఈ వయసులో పీహెచ్‌డీ ఏంటండీ అని, యాభై దాటాక జుంబా డాన్సు మొదలుపెట్టినావిడ. ఆవిడకి నేను ఇవ్వాల్సిన జవాబు ఇచ్చాను. శశికళ మాత్రం నవ్వి తన పని చూసుకుంది. డిసెంబరు లోపల అప్లికేషన్లన్నీ పంపేసింది.

మార్చి వచ్చేసరికి అన్నీ తిరిగొచ్చాయి. ఒక్కరూ తీసుకోలేదు. తను నాకు చెప్పలేదు. రెండు శనివారాలు రాకపోతే నేనే వెళ్ళాను. వంటింట్లో నిలబడి గిన్నెలోంచే పెరుగన్నం తింటోంది. "రాలేదాంటీ," అని, మళ్ళీ గిన్నెలోకి చూసింది. పోనీలే వచ్చే ఏడు చూద్దాం అన్నాను.

మా అమ్మాయి నైనిక బోస్టన్‌లో బయాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ వేసవిలో ఇంటికొచ్చినప్పుడు శశికళని భోజనానికి పిలిచి ఇద్దరినీ కూర్చోబెట్టాను. నైనిక అప్లికేషన్ తెరిచి చూసింది. ఏ ప్రొఫెసర్ దగ్గర పనిచేయాలనుకుంటున్నారు అన్న చోట శశికళ ఒక్క పేరూ రాయలేదు. ఎందుకు రాయలేదంటే, ఎవరిచ్చినా మహాభాగ్యమే, నాకు ఫలానావారే కావాలనడం పొగరుగా ఉంటుందని వదిలేశానంది. మరి ముందుగా ఎవరికైనా మెయిల్ రాశారా అంటే, అదేదో బూతుమాట విన్నట్టు చూసింది.

"అడ్మిషన్ ముందు వెళ్ళి నన్ను తీసుకోండి అనడం పైరవీ కదా?"

నైనికకి పైరవీ అంటే తెలియదు. నేను చెప్పాను, పని కావడానికి పెద్దవాళ్ళ చుట్టూ తిరగడం అని. అది నోరు తెరిచింది. "కాదు అక్కా. ఇక్కడ ఒక్కో ప్రొఫెసర్ వాళ్ళ స్టూడెంట్‌ని వాళ్ళే పిక్ చేస్తారు. మీరు మెయిల్ చేయకపోతే మీరు ఉన్నారని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? అందరూ చేస్తారు. నేను చేశాను."

అప్పుడు కదిలింది శశికళ నోరు. వాళ్ళ నాన్న ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసేవాడట. ఇంటికి దగ్గర డిపోకి బదిలీ కావాలంటే పై అధికారికి ఒక్క మాట చెప్పిస్తే చాలు. చెప్పించలేదు. సర్వీసంతా మాచర్ల బస్సెక్కి వెళ్ళి, బస్సెక్కి వచ్చాడు. తనకి ఫిజియోథెరపీ సీటు వచ్చిననాడు ఆయన వీధంతా తిరిగి, మా అమ్మాయికి ఎవరి సిఫారసూ లేకుండా వచ్చింది సీటు అని చెప్పుకున్నాడు. అంతకంటే పెద్ద మాట తన గురించి ఆయన ఇంకెప్పుడూ అనలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మరి రికమెండేషన్ లెటర్లు అడిగావు కదే అంటే, అవి సిస్టమ్ అడుగుతుంది ఆంటీ, నేను కాదు అంది. ఎంత తెలివైన పిల్లకి ఎంత తిక్క!

నాలుగు చీవాట్లు పెట్టాను. నైనిక వెళ్ళిపోయింది. ఆగస్టు అంతా శశికళ ఆ ఒక్క మెయిల్ రాస్తూ, చెరిపేస్తూ గడిపింది. పెద్దవాళ్ళు పడిపోవడం మీదే పనిచేసే ప్రొఫెసర్ హాస్కెల్ అని ఒకావిడ ఉంది, పోయినేడు తను అప్లై చేసిన చోటే. ఆవిడకి రాయాలని. చివరికి పంపేసింది.

తర్వాతి వారం, పట్టపగలు, మా తలుపు చప్పుడైంది. తీస్తే శశికళ. తనంతట తాను తలుపు తట్టడం అదే మొదలు. ఫోన్ నా చేతిలో పెట్టింది. నాకు అద్దాలు లేకుండా కనబడదు, నువ్వే చెప్పు అన్నాను.

"పోయినేడు ఆవిడ దగ్గర ఒక సీటు ఉందట ఆంటీ. ఇలాంటి పని మీద ఇష్టం ఉన్న మనిషి కోసమే చూసిందట. నా అప్లికేషన్‌లో పేరు లేదు కాబట్టి ఆవిడ దాకా రాలేదు. సీటు ఖాళీగానే ఉండిపోయిందట."

ఈ ఏడు ఉందా అని అడిగాను. లేదు. ఆవిడ రిటైర్ అవుతోంది, ల్యాబ్ మూసేస్తోంది, కొత్తవాళ్ళని తీసుకోదు. శశికళ మా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ పిల్ల ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఎవరో తన్ని కాదంటే ఏడ్చే రకం కాదు. తన కోసం ఒక కుర్చీ ఏడాదంతా ఖాళీగా ఉందని తెలిసి ఏడ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని మిగతాది చెప్పింది. హాస్కెల్ దగ్గర చదువుకున్న ఆవిడ ఒకరు దేశానికి అటు చివర ఆరెగాన్‌లో ల్యాబ్ నడుపుతోందట. నువ్వు సరేనంటే నీ గురించి తనకి ఒక మాట చెప్తాను, అని రాసింది హాస్కెల్.

"ఒక మాట చెప్తానంటోంది ఆంటీ. నాన్నయితే వద్దనేవారు."

ఎప్పుడో పోయిన మనిషి, ఆయన్ని తిట్టడం నాకిష్టం లేదు. కానీ ఆయన మాచర్ల బస్సులో తిరుగుతున్నన్నాళ్ళూ ఈ పిల్ల సాయంత్రాలు ఎవరి కోసం చూస్తూ కూర్చుందో ఆయనకి తెలుసా అనిపించింది.

"చెప్పనీ. ఇంకేం ఆలోచించకుండా థాంక్స్ అని రాయి," అన్నాను.

రెండు రోజులు గోడ అవతల కుక్కరు కూడా కూయలేదు. మూడో రోజు రాసింది. ఆరెగాన్ ఆవిడ వీడియో కాల్‌లో మాట్లాడింది. చెప్పుల గురించి, మా వ్రతం గురించి, నా మోకాళ్ళ గురించి కూడా శశికళ ఆవిడకి ఏమేమో చెప్పిందట. నా మోకాళ్ళు నాకంటే ముందే ఆరెగాన్ చేరాయన్నమాట. డిసెంబర్లో మళ్ళీ అప్లై చేసింది, ఈసారి పేరు రాసి. ఫిబ్రవరిలో సీటొచ్చింది. ఆ సాయంత్రం స్వీట్లు తెచ్చి ఇచ్చి, ఎవరికి చెప్పాలో తెలియలేదు ఆంటీ, మీకే చెప్తున్నా అంది. నేను చాలా సంతోషించాను. తను వెళ్ళాక మాత్రం వంటింట్లో ఆ గోడ దగ్గర కాసేపు నిలబడిపోయాను.

ఆగస్టు చివర్లో ప్రయాణం. ముందురోజు మధ్యాహ్నం నేను హాల్లో నేల మీద కూర్చుని చిక్కుళ్ళకి నారలు తీస్తున్నాను. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. పక్కింట్లో గోడకున్న పటాలు దింపి, మేకులు పీకి, అన్నీ బండికెత్తి పొద్దున్నే వెళ్ళిపోయారు సామాన్లవాళ్ళు. శశికళ వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"ఆంటీ, మిమ్మల్ని ఒకటి అడగాలి."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నన్ను అడగాలి అనడం అదే మొదలు.

"నాకేదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలని యూనివర్సిటీవాళ్ళు అడిగారు. ఇక్కడ హాస్పిటల్‌లో ఎప్పుడూ ఎవరి పేరూ ఇవ్వలేదు. మీ పేరు ఇవ్వనా? మీకు ఇబ్బంది లేకపోతేనే."

ఆరెగాన్ ఎక్కడ, నేనెక్కడ? వాళ్ళు ఫోన్ చేస్తే నేను చేరేసరికి ఏమవుతుంది? అయినా ఆ పిల్లకి ఇంత దేశంలో ఇవ్వడానికి ఉన్న పేరు నాదొక్కటే. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఇవ్వు. నంబరు మాత్రం తప్పు ఇవ్వకు," అన్నాను.

లేవబోయాను. తను అలవాటుగా ఎదురుగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, నేను పక్కకి తిరిగి, మోకాళ్ళ మీదికి వచ్చి, నా అంతట నేను లేస్తానని. నాకు లేవడం చక్కగా వచ్చు ఇప్పుడు. నేర్పింది తనే. అయినా కదలకుండా కూర్చుని, నా చెయ్యి పైకి చాపాను.

"ఇవాళ చెయ్యి ఇవ్వవే," అన్నాను.

శశికళ నా చేతికేసి చూసింది. చూసి, వెనకనుంచి తన చేతులు తీసి, రెంటితోనూ పట్టుకుంది. నేను లేచి నిలబడ్డాక కూడా వదల్లేదు.