పెళ్లి పసుపు దంచిన బండ

నా చిన్నప్పుడు నాకు కంట్లో నలుసులా ఉన్న మనిషి ఒక్కతే. మేము సూర్యాపేటలో కిరాయికి ఉన్న ఇంటి సేటు కూతురు. అక్కా అనే పిలిచేదాన్ని, పిలిచినప్పుడల్లా కడుపు మండేది. ఆమె నాకు చేసిన అపకారమల్లా మా అమ్మకు ముద్దు కావడమే.

సేటు ధాన్యం వ్యాపారి. వరసకు మాకు చుట్టమే కానీ ఆయనకు సొంత దుకాణం ఉంది, మా నాయనది అదే బజారులో ఇంకొకరి దగ్గర గుమాస్తా పని. ముందు భాగంలో వాళ్లు, వెనక గదుల్లో మేము. అక్కకు తల్లి లేదు. తలస్నానం చేస్తే తడి జుట్టుతో నేరుగా మా వైపు వచ్చేసేది. అమ్మ నన్ను సగం జడలో వదిలేసి ఆమెకు సాంబ్రాణి పొగ వేసేది. సర్వపిండి చేస్తే అంచున కరకరలాడే ముక్క ఆమెకు, మధ్యలో మెత్తటిది నాకు. అడిగితే "తల్లి లేని పిల్ల గదనే" అనేది. తల్లి ఉండి నాకేం ఒరిగిందో అర్థమయ్యేది కాదు.

అక్కకు కోదాడ సంబంధం కుదిరింది. ఉన్నవాళ్లే, కానీ శకునాల పిచ్చి. పెళ్లిచూపులకు బయలుదేరుతుంటే ఎవరో తుమ్మారని ప్రయాణం మానుకుని, మంచిరోజు వెతుక్కుని మళ్లీ వచ్చారు. సేటు వాళ్ల రోలు మా వెనక వసారాలో ఉండేది కాబట్టి పెళ్లి పసుపు అక్కడే దంచారు. ముత్తైదువలు పాటలు పాడుతూ దంచి, తాంబూలాలకు ముందు వైపు వెళ్లారు. అక్క, అమ్మ, నేను మిగిలాం. తనూ ఒక్క పోటు వేస్తానని అక్క సరదాపడి రోకలి ఎత్తింది. అలవాటు లేని చెయ్యి, జారింది. రోకలి కొసన ఉండే ఇనుప పొన్ను రోలు పక్కన నేలకు పరిచిన నాపబండ మీద పడింది. బండ ఆ మూల నుంచి ఈ మూలకు పగిలింది.

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పసుపు దంచిన చోట, పెళ్లికూతురి చేతిలోనే బండ పగలడం! ఈ మాట కోదాడ చేరితే పెళ్లి ఆగిపోతుంది. ఆగకపోయినా ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆమె కాలు మంచిది కాదంటారు. అమ్మ గబగబా చాప తెచ్చి ఆ బండ మీద పరిచేసింది. "ఏం గాలె. నువ్వు సూడలే, నేను సూడలే" అంది అక్కతో. తర్వాత నా వైపు తిరిగింది. మాట లేదు గానీ బతిమాలుతోందని తెలిసింది. నన్ను తిట్టడం, కొట్టడమే తప్ప బతిమాలడం ఎరగని అమ్మ, ఆమె కోసం నన్ను బతిమాలిందని నాకు ఇంకా మండింది.

పెళ్లయి అక్క వెళ్లిపోయింది. పీడ వదిలిందనుకున్నాను. ఆ వేసవిలోనే నాయనకు మిర్యాలగూడ రైసుమిల్లులో పని దొరికింది. అక్కడి ఇంటివాళ్లు అడ్వాన్సు కడితేనే తాళం ఇస్తామన్నారు. సేటు దగ్గర ఉన్న మా అడ్వాన్సు తీసుకుని అక్కడ కట్టాలి, అది తప్ప మాకు వేరే దారి లేదు. సామాను బండికెక్కించాక సేటు ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. గోడలు తడిమాడు, గొళ్లేలు లాగి చూశాడు. చాప చుట్టేసిన వసారాలోకి వచ్చి ఆగిపోయాడు.

"ఇదేంది, బండ పలిగింది! మేళ్లచెరువు కెల్లి ఏరి తెప్పిచ్చిన బండలివి."

నాయనకు ఏమీ తెలియదు. "ఒక్క బండే గద సేటు. దాని పైసలు పట్టుకొని మిగిలింది ఇయ్యి. గాడ తాళం ఇయ్యరు" అని చేతులు జోడించినంత పని చేశాడు.

"ఒక్కటి తీస్తె పక్కవి గూడ లేస్తయ్. చుట్టరికం వేరు, కిరాయి వేరు. అడ్వాన్స్ రాదు. అసలు ఎవరు పలగ్గొట్టిన్రో చెప్పున్రి."

నీ బిడ్డే అని అంటే చాలు, మా డబ్బు మాకు వస్తుంది. నేను నోరు తెరిచాను. అంతలోనే అమ్మ అందుకుంది. "నేనే సేటు. కారం దంచుతుంటె చెయ్యి జారింది."

మిర్యాలగూడ చేరేదాకా నాయన అమ్మతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం అమ్మ నన్ను కూర్చోబెట్టి, "జర కాలు చాపు బిడ్డా" అని నా వెండి పట్టీలు విప్పింది. వాటిని కుదువ పెడితే కొత్త ఇంటి తాళం వచ్చింది. విడిపించేనాటికి అవి నా కాలికి పట్టలేదు. బడిలో ఏ పిల్ల పట్టీలు మోగినా నేను కోదాడలో ఉన్న అక్కనే తిట్టుకునేదాన్ని.

ఏడాది తిరిగాక అక్కకు కొడుకు పుట్టాడు. బాబును తొట్టెలో వేసే వేడుకకు అమ్మ నన్ను తీసుకుని కోదాడ బస్సెక్కింది. పట్టుచీర, చేతులనిండా గాజులతో అక్క ఎదురొచ్చి అమ్మను వాటేసుకుంది. నన్ను పక్కకు తప్పించి మరీ వాటేసుకుంది. లోపలి గదిలోకి తీసుకెళ్లి అమ్మ చేతిలో నోట్లు కుక్కబోయింది. "నా వల్లనే గద చిన్నమ్మా, నాయన మీ అడ్వాన్స్ ఇయ్యలే." అమ్మ ఆ పిడికిలి మూసేసింది. "అది మీ నాయన ఇయ్యాలె. నువ్విస్తె నేను తీసుకోను." తీసుకోవే అమ్మా, నా పట్టీలు విడిపించవే అని అరవాలనిపించింది.

ముందు గదిలో అక్క అత్తగారు నన్ను దగ్గరకు పిలిచింది. "పెళ్లి పసుపు మీ వసారాలోనే దంచారంట కదా? ఆ ఊసెత్తితే మా కోడలు మాట మారుస్తది. పిల్లలు అబద్ధం చెప్పరు, నువ్వు చెప్పు. ఆరోజు అక్కడ ఏమన్నా అయ్యిందా?"

తొట్టె ఊపుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. అమ్మ ఈసారి నా వైపు చూడనైనా లేదు, తల వంచుకుని తమలపాకులు తుడుస్తూ ఉంది. నాకు బాకీ పడ్డ ప్రతి సర్వపిండి ముక్క ఒక్క మాటతో వసూలయ్యే సమయం. మాట నాలుక మీదే ఉంది. అక్క మొహం చూశాను. రోకలి జారిన నాటి మొహమే. దాన్ని అలా మళ్లీ చూడటం నా వల్ల కాలేదు.

"ఏం గాలె. పాటలు పాడిన్రు. నాకు బెల్లం, కుడుక పెట్టిన్రు" అన్నాను. ఆవిడ నవ్వి నా బుగ్గ గిల్లింది.

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. నీకు అదంటేనే ఎక్కువ అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. మెచ్చుకుంటుందేమో, లేదు కాదు అంటుందేమో అని చూశాను. అమ్మ అవేవీ అనలేదు. "నీకు కుళ్లని నాకెర్కే బిడ్డా. కడుపుల ఉంటె ఉండనీ. నోట్లకెల్లి బయటికి రాలే, గంతే చాలు" అంది. ఊరొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

సేటు పోయేవరకూ మా అడ్వాన్సు ఇవ్వలేదు. నా కుళ్లూ పోలేదు. తోడికోడలి నగ మీద, పక్కింటామె కొడుకు ఉద్యోగం మీద, ఈ వయసులోనూ దాన్ని భద్రంగా మోస్తూనే ఉన్నాను. కానీ ఒకరి కాపురం చెడగొట్టే మాట నా నోట్లో ఉందనిపించినప్పుడు పళ్లు బిగించుకుంటాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. అక్క ఇప్పటికీ ఫోను చేస్తుంది, అమ్మను తలుచుకుని ఏడుస్తుంది. "నన్ను కడుపుల పెట్టుకొని చూసింది మా అమ్మ" అంటుంది. మీ అమ్మ కాదు, మా అమ్మ అని నాకు లోపల భగ్గుమంటుంది.

"అవునక్కా, మీ అమ్మే" అంటాను.