నిమ్మతోట బావిలో మలుగు

కాస్త ఇటు జరిగి కూర్చోండి. బావుల పూడిక తీసే పనిలో తల నెరిసినవాణ్ని, ఒక బావి సంగతి చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం. ఏర్పేడు దగ్గర సుబ్బమ్మ గారి నిమ్మతోట ఆకు రాలుస్తోంది. బావి అడుగున బురద పేరుకుని ఫుట్‌వాల్వ్‌ను, అంటే మోటారు పైపు కొసన నీళ్లు జారిపోకుండా పట్టే మూతను, కప్పేసింది. పూడిక తీస్తే తోట బతుకుతుంది. ఆమె తీయనివ్వరు.

"దాంట్లో నాగమ్మ ఉండాది నాయనా. ప్రతి నాగులచవితికీ పాలు పోస్తా ఉండాను. గడ్డపార తగిలితే నా కొంప ఏం కావాల?"

"ఇనుము లేకుండా దిగి, ఊరికే సూసొస్తానమ్మా," అన్నాను.

గిలక దగ్గర నా జతగాడు మస్తాన్ తాడు పట్టాడు. ఒట్టి చేతులతో, ఒక తడి గోనెతో దిగాను. మోకాటి లోతు బురదలో నా చేయంత లావున ఏదో మెలికలు తిరిగింది. చూద్దును కదా, తల వెనక రెండు చిన్న రెక్కలు! పాముకు రెక్కలెక్కడివి? గోనెలో చుట్టి, గంపలో పైకి పంపాను.

తొట్టి నీళ్లలో వదిలి చూపించాను. "మలుగమ్మా ఇది. పాము కాదు, సేప."

"అయితే ఇన్నేండ్లూ నేను సేపకా పాలు పోసింది?"

"అందుకే ఇంత బలిసిండాది అవ్వా! పులుసు పెడితే ఊరంతటికీ సాలు," మస్తాన్ నవ్వాడు.

"పాలు పోసి సాకినాన్రా దాన్ని! సెయ్యి పెట్టి సూడు, ఇరగ్గొడతా."

పూడిక తీశాం. ఊట బుగ్గలు కొట్టింది. సంగతి తెలిసి చేపల శాఖాయన వచ్చి, మన వైపు మలుగు అరుదైపోయిందన్నాడు. సముద్రంలో పుడుతుందట. సూదంత పిల్లగా ఏటికి ఎదురీది వస్తుందట. తడి నేల మీద పాకైనా నీళ్లు వెతుక్కుంటుందట. కప్పల్నీ ఎండ్రకాయల్నీ తిని ఏళ్లకేళ్లు పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికే పోవాలట.

సుబ్బమ్మ గారు అంతా విన్నారు. "అట్లయితే పురిటికి పుట్టింటికి పంపొద్దా మరి?"

వానలదాకా తొట్టిలోనే సాకారు, పాకిపోకుండా పైన వల కప్పి. స్వర్ణముఖి పారింది. ఆ ఏడు నాగులచవితికి ఆమె బావిలో పాలు పోయలేదు. మలుగును నీళ్ల బిందెలోకి దించి, బిందెకు పసుపు కుంకుమ పెట్టారు. పులుసు అడిగిన మస్తానే దాన్ని ఏటిదాకా మోశాడు. నేను వంచాను. ఒక్క మెలిక, అంతే, ప్రవాహంలో కలిసిపోయింది.

"పోయిరా తల్లీ," అంటూ ఆమె కొంగుతో కళ్లొత్తుకున్నారు.

తీసిన పూడికకు లెక్క లేదు. కానీ సముద్రపు బిడ్డను సాగనంపిన చేతులివని చెప్పుకోవడమే నాకు గొప్ప. ఆనాటి నుంచి ఏ బావిలోనైనా ముందు చెయ్యి, తర్వాతే గడ్డపార.

మీ ఇంటి ఊట ఆరకుండా ఉండాలి. పురిటికొచ్చిన మీ ఆడబిడ్డలు పండంటి బిడ్డనెత్తుకుని చల్లగా వెళ్లాలి.