చీటీ మీద మేల్

మా వంశంలో మగవాళ్ళకి మనసు బాగోకపోవడం అనేది లేదు. గ్యాసే. మా తాతకి గ్యాసు, మా నాన్నకి గ్యాసు, నాకూ గ్యాసే. దిగులుపడడం, ఏడవడం, ముసుగుతన్ని పడుకోవడం ఆడవాళ్ళ డిపార్టుమెంటు. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు నడుపుతూ ముప్ఫై ఏళ్ళుగా నేను నమ్మిన సైన్సు ఇది.

అందుకే కిందటి వర్షాకాలంలో మా ఆవిడ, "ఏవండీ, మనసు అస్సలు బాగోట్లేదు. సైకియాట్రిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, వస్తారా?" అన్నప్పుడు నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. యాభై దగ్గరపడుతోంది, హార్మోన్లు కదా అనుకున్నాను. అప్పటికి నాకు రెండు నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, కొట్లో గుమాస్తాల మీద గిన్నెలు విసురుతున్నాను. అదంతా గ్యాసు.

పటమట నుంచి స్కూటరు మీద వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి ఓపీ చీటీ ఇచ్చింది. పేరు నాది. ఇంటి కరెంటు బిల్లు కూడా నా పేరునే వస్తుంది కాబట్టి పట్టించుకోలేదు. కానీ జెండర్ దగ్గర ‘మేల్’ అని ఉంది.

"ఏమ్మా, కాస్త చూసి కొట్టచ్చుగా? పేషెంటు మా ఆవిడ. ఫీమేల్ అని మార్చు."

"ఫోన్‌లో మేల్ అనే చెప్పారు సార్."

"ఆడమనిషికి మగవాళ్ళ మందులిస్తే ఎవరిది పూచీ?" అని బల్ల గుద్దాను. పెన్నుల డబ్బా ఎగిరి కింద పడింది. కూర్చున్నవాళ్ళంతా నన్ను జాలిగా చూశారు. ఒక పెద్దాయన లేచి తన టోకెన్ నా చేతిలో పెట్టి, "ముందు మీరు వెళ్ళండి బాబూ" అన్నాడు.

గొడవ విని డాక్టరమ్మే బయటికొచ్చి మమ్మల్ని లోపలికి పిలిచింది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని నన్నే అడగడం మొదలుపెట్టింది.

"బాగోనిది ఆవిడకండీ," అన్నాను.

"నాకని అన్నానా?" అంది మా ఆవిడ. "మనసు బాగోట్లేదన్నాను. ఎవరికని మీరు అడగలేదు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఆడవాళ్ళకి డిప్రెషన్ ఎక్కువొస్తుందన్నది నిజమేనండీ. హార్మోన్లూ ఉంటాయి, వాళ్ళ మీద పడే బరువులూ ఉంటాయి. మగవాళ్ళలో చాలామందికి అది ఏడుపుగా రాదు, కోపంగా వస్తుంది. అందుకే గుర్తుపట్టరు, మా దగ్గరికి రారు," అంది.

"నాది గ్యాసండీ."

"గ్యాసుకి బల్ల గుద్దుతారా?"

అప్పుడు మా ఆవిడ తల దించుకుని, "ఆ శనివారం బజ్జీలు చల్లగా తెచ్చారు," అంది.

ప్రతి శనివారం సాయంత్రం బ్యారేజీ దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు కట్టించుకుని, వేడి తగ్గకముందే ఇంటికి చేరడం నా అలవాటు. ఆ శనివారం వరద నీళ్ళు చూద్దామని ఆగాను. జనం సెల్ఫీలు తీసుకుని వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. పొట్లం చేతిలో పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఏమనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి ట్రాఫిక్ అన్నాను.

"ట్రాఫిక్‌లో అంత చల్లారవు," అంది. "నాకు చాలా భయమేసిందండీ." ఆ భయాన్ని ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిందని తెలిసి నాకు సిగ్గేసింది, ప్రాణం ఉసూరుమంది. మా వంశంలో మొదటిసారిగా ఒక మగవాడు, అదీ ఫీజు కట్టి మరీ, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు నీళ్ళ దగ్గర అనుకున్నది కూడా చెప్పాను.

బయటికొచ్చేసరికి కౌంటర్లో అమ్మాయి పెన్నుల డబ్బాని ఒళ్ళో దాచుకుని కూర్చుంది. వచ్చే వారానికి టైము రాస్తూ, "సార్, ఫీమేల్ అని మార్చెయ్యమంటారా?" అంది భయంభయంగా.

"వద్దమ్మా," అన్నాను. "ఆ చీటీ నాదే."