ఒట్టి చేతి దెబ్బ

మా అమ్మాయి స్నేహితులతో కలిసి బల్ల మీద ప్లాస్టిక్ పాచికలు గలగలా దొర్లిస్తుంటే వంటింట్లో నా గరిటె ఆగిపోయింది. యోధులుగా, మాంత్రికులుగా తమను ఊహించుకుంటూ ఆడే కథల ఆట అది. "ఆయుధం లేనోడి దెబ్బకు ఒక్కటేనా? వీడెందుకు పనికొస్తడు?" అని ఎవరో విసుక్కున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట నేను తొంభైల్లోనే పడ్డాను.

మిర్యాలగూడలో ఇంటర్ చదివేటప్పుడు మాకు ఫిజిక్స్ చెప్పిన విమల మేడంది కోదాడ. హైదరాబాద్‌లో పాత పుస్తకాల బండి మీద ఆ ఆట నిబంధనల పుస్తకం ఆమెకు దొరికిందట. ఆదివారం పొద్దున్నే తన వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి ఆడించేవారు. అలాంటి పాచికలు మాకెక్కడ దొరుకుతాయి? చింతగింజల్ని ఒకవైపు తెల్లగా అరగదీసి ఇచ్చారు. విసిరితే ఎన్ని తెల్లగా పడితే అన్ని దెబ్బలు. కత్తికి నాలుగు గింజలు, ఎప్పటికీ నాలుగే. ఒట్టి చేతికి మొదట ఒక్కటే, లెవెల్ పెరిగినప్పుడల్లా ఇంకొకటి.

నేను మాడుగులపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని. ఆయుధాల పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. చదవడం రాదని చెప్పుకోలేక, "నాకేం వద్దు మేడం, ఒట్టి చేతులతోనే కొడ్త" అన్నాను. సూర్యాపేట నుంచి వచ్చిన యాదగిరి పడీ పడీ నవ్వాడు.

"ఒక్క గింజతోని ఈగ గూడ సావదు!"

మేడం షరతు ఒకటుంది. లెవెల్ పెరిగే ప్రతిసారీ పుస్తకంలో తన పాత్ర గురించిన తర్వాతి పేజీ ఎవరికి వాళ్లే పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పాలి. అందరూ ఎక్కుతూ పోయారు, నేను ఒక్క గింజ దగ్గరే ఉండిపోయాను. అర్ధ సంవత్సర పరీక్షలో ఇంగ్లిష్ పోయింది. మంద దగ్గరికి వచ్చేయమని నాయిన కబురు పెట్టాడు. చదువు మానేద్దామని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికే మేడం దగ్గరికి వెళ్లాను. సిగ్గు విడిచి ఇంకోటి కూడా అడిగాను.

"జర ఇంకో గింజ ఇయ్యుండ్రి మేడం. వీళ్ల ముందర ఒక్కసారన్న గెలిసి పోత."

"ఇవ్వను. నేనిస్తే అది నా గింజ అవుతుంది. కూర్చో, మొదటి వాక్యం చదువు."

ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే చదివాను. ఒక్క వాక్యానికి గంట పట్టింది. లోపల పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆమె నా పక్క నుంచి లేవలేదు. మరుసటి వారానికి పేజీ పూర్తయింది, రెండో గింజ వచ్చింది. పరీక్షల దాకా ఇక్కడే ఉంటానని నాయినకు కబురు చేశాను.

ఎండలు ముదిరేసరికి ఆట చివరికొచ్చింది. రాక్షసుడి కోటలో మమ్మల్ని బంధించి ఆయుధాలన్నీ లాక్కున్నారు. కావలివాడు పడాలంటే ఐదు దెబ్బలు కావాలి. అప్పటికి నా చేతిలో ఆరు గింజలున్నాయి.

"ఇగ నువ్వే దిక్కు, కొట్టు!" అన్నాడు యాదగిరి.

విసిరాను. ఐదు తెల్లగా పడ్డాయి. యాదగిరి ఎగిరి గంతేశాడు. మేడం మాత్రం గింజలు ఏరి డబ్బాలో వేస్తూ, "ఎల్లుండి ఇంగ్లిష్ పరీక్ష, గుర్తుందా?" అన్నారు. పాసయ్యాను. అత్తెసరు మార్కులే, కానీ ఒక్కటి కూడా ఎవరో జాలిపడి వేసింది కాదు. ఆమె దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

ఇప్పుడు నేరేడుచర్లలో ఇంగ్లిష్ చెబుతున్నాను. "రెండు మార్కులు కలుపుండ్రి మేడం" అని పిల్లలు బతిమాలుతారు. కలపను. నన్ను మొండిది అనుకుంటారని తెలుసు. సాయంత్రం గంట కొట్టాక వెళ్లి వాళ్ల పక్కనే బల్ల మీద కూర్చుంటాను. వాక్యం పూర్తయ్యేదాకా లేవను.