ఒకే పెల్లెటు, రెండు అంకెలు

నెలకోసారి శనివారం పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్తా. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు. ఊరి చివర పాత పత్తి గోడౌనులో ఎయిర్ రైఫిళ్ళతో గురి కొట్టడం నేర్పే చోటొకటి ఉంది. మా ఆయన రైఫిలు అక్కడే ఉంది. దాన్ని చూసి వస్తా. బస్సులో పక్క సీటావిడ "ఎవరింటికండీ?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక "చిన్న పనుందండీ" అంటా. అబద్ధమేం కాదు గదా.

ఆయన మిలిటరీ నుంచి వచ్చాక సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీగా చేసేవారు. సెలవు రోజుల్లో ఆ గోడౌనులో గురి నేర్పేవారు. పోయే ముందు ఆ రైఫిలుని విప్పి, లోపల గాలిని నెట్టే తోలు వాషరు కొత్తది తనే చేసి వేశారు. చెప్పులు కుట్టే అతన్ని అడిగి మంచి తోలు ముక్క తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, నా పోపుల గిన్నెలో నూనె పోసి సన్నసెగ మీద నానేశారు. నేను గిన్నె కోసం అరిస్తే, "ఉండవే, ఇది కూరకంటే బాగా ఉడుకుతోంది" అన్నారు. అలా బిగించిన మరలు ఆ తర్వాత ఎవరూ తిప్పలేదు. ఆయన చెయ్యి పెట్టిన ఆఖరి పని అదే.

ఆయన దగ్గర నేర్చుకున్నతనే ఇప్పుడక్కడ కోచ్. కొత్తగా వచ్చేవాళ్ళు వాడుకోవడానికి రైఫిలు కావాలని అడిగితే ఇచ్చా. ఒక్కటే మాట అడిగా, దాన్ని విప్పొద్దని. అతను ఎందుకని అడగలేదు. ఆ మంచితనానికి ఇప్పటికీ దేవుణ్ణి స్తుతిస్తా.

నెలనెలా నేను వెళ్ళేది దాని వేగం చూడటానికి. ఆయన కొన్న పాత క్రోనోగ్రాఫ్ ఒకటుంది, పెల్లెటు, అంటే రైఫిల్లోంచి వచ్చే చిన్న సీసపు గుండు, ఎంత వేగంతో పోతోందో కొలిచే మిషను. ఒక ప్లాస్టిక్ కమ్మీ మీద రెండు కమానులు నిలబెట్టి ఉంటాయి. పెల్లెటు మొదటి కమాను కిందనుంచి, తర్వాత రెండోదాని కిందనుంచి దూరిపోతుంది. కింద పెట్టెలో అంకె వెలుగుతుంది. వెలుతురు సరిగ్గా లేకపోతే దానికి కోపం, అసలు అంకే చూపించదు. అందుకని గోడౌను తలుపు దగ్గర ఎండ పడేచోట పెట్టుకుంటాం. కోచ్ కొడతాడు, నేను అంకె చూస్తా. సెకనుకి ఐదువందల ఎనభై చిల్లర అడుగులు. ఎప్పుడూ అంతే. అది చూశాక ఆయన చేసిన పని చెడలేదని మనసు కుదుటపడి, తిరుగు బస్సెక్కుతా. ఇంటికొచ్చి ఒక్కదాన్నే అన్నం వండుకుంటా.

ఈసారి వెళ్ళేసరికి కోచ్ ముఖం అదోలా ఉంది. బల్లమీద అరచేతిలో పట్టేంత నల్లపెట్టె కొత్తది కనిపించింది.

"కొత్త క్రోనో అమ్మగారూ. రాడారు. కమానులూ ఎండా ఏం అక్కర్లేదు. రైఫిలు పక్కన పెడితే చాలు, అంకె ఫోన్‌లోకి వచ్చేస్తుంది."

"మంచిదే గదా నాయనా."

"మంచిదేనండి... సారు రైఫిలు దీంట్లో ఐదువందల నలభై చూపిస్తోంది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నలభై తగ్గిందండి. వాషరు ఎండిపోయుంటుంది, లేకపోతే స్ప్రింగు నీరసించి ఉంటుంది. అలాగే కొడుతుంటే స్ప్రింగు విరిగి లోపలంతా గీసుకుపోద్ది. విప్పి, కొత్త వాషరు వేయాలండి. మీ మాట మీరి విప్పను. కానీ అడగాలి గదా."

అక్కడ ఎప్పుడూ కుర్చీలో ఉండే పెద్దాయన ఒకరున్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన పేపరు దించి, "వాషరేగదమ్మా, మారిస్తే పోలా. మొన్న నాకు మోకాలి చిప్పే మార్చారు" అన్నారు.

నవ్వా. కానీ మారిస్తే ఆ తోలు ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. "మరి పాత మిషను ఏమంటోంది?" అని అడిగా.

"ఐదువందల ఎనభయ్యే అంటోంది. కానీ పాతది గదండీ, దాన్నేం నమ్ముతాం?"

"రెంటినీ ఒకేసారి పెట్టి చూడొచ్చా నాయనా? ఒకే పెల్లెటుకి రెండూ ఏం చెప్తాయో?"

అతను లేచి కమానులు తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. రైఫిలు పక్కన నల్లపెట్టె పెట్టాడు. నేను కళ్ళు మూసుకుని, ప్రభువా, పాతది నిజమయ్యేలా చూడు అనుకున్నా. కొలతకి అలా ప్రార్థన చేయకూడదేమో. చేశా.

టప్‌మంది. పెట్టెలో ఐదువందల ఎనభై రెండు. ఫోన్‌లో ఐదువందల నలభై రెండు. మళ్ళీ కొట్టాడు. అదే తేడా. వేరే రైఫిలు తెచ్చి కొట్టాడు, మొన్ననే కొన్నది. దానికీ పాతది ఎక్కువే చెప్పింది, అదే వాటంలో.

"ఇదేదో రైఫిలు గొడవ కాదండీ" అంటూ కోచ్ కమానుల ముందు గొంతుక్కూర్చుని టేపు పెట్టి కొలిచాడు. "రెంటికీ మధ్య అడుగుండాలి. ముప్పావు అంగుళం పైనే తక్కువుంది. ఈ కమ్మీ ఎప్పుడన్నా విరిగిందా అమ్మగారూ?"

విరిగింది. స్కూటరు మీంచి పడి విరిగింది. మా వరండాలో కూర్చుని ఆయనే అతికించారు. పెచ్చులూడిన చివర్లు బాగోలేవని, అతుకు నున్నగా రావాలని రెండువైపులా ఆకురాయితో అరగదీశారు. ఏ పనైనా నీటుగా ఉండాలాయనకి. అలా అరగదీయబట్టే కమ్మీ పొట్టిదైంది.

మా అమ్మ నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు, చింతగింజలతో లెక్కలు నేర్పింది. దూరం, కాలం దాకా మేం రాలేదు. అందుకని కోచ్ నిదానంగా చెప్పాడు. "మిషను అడుగు దూరం అనుకునే లెక్క కడుతుందండి. నిజానికి దూరం తక్కువ, పెల్లెటు తొందరగా దాటేస్తుంది. అది చూసి అబ్బో ఎంత వేగమో అనుకుంటుంది. ఇన్నాళ్ళూ ఎక్కువే చెప్పింది. కానీ ఎప్పుడూ ఒకేలా చెప్పింది. అంటే సారు రైఫిలు ఏం తగ్గలేదు. అప్పుడెంతో ఇప్పుడూ అంతే."

"విప్పక్కర్లేదా?"

"ఎందుకండీ విప్పడం? ఈ రంధ్రంలో రెండు చుక్కలు నూనె వేస్తే తోలుకి చాలు."

దేవునికి స్తోత్రం అని పైకే అనేశా. పెద్దాయన కూడా పేపరు పక్కన పడేసి, "మోకాలు మార్చకముందు నన్నూ ఓసారి ఇట్టా రెండు మిషన్లలో పెట్టాల్సింది" అన్నారు.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు గుర్తొచ్చింది. కమ్మీ అతికించిందీ, వాషరు వేసిందీ ఒకే వారంలో. అంతకుముందు పాత మిషను కూడా ఐదువందల నలభయ్యే చెప్పేది! ఆ వారం ఎనభైకి ఎక్కింది. ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "చూశావా, నా వాషరు! కంపెనీ వాడు కూడా ఇంత వేగం తేలేడు" అన్నారు. చర్చిలో పాస్టరుగారికి చెప్పారు, పాలతనికి చెప్పారు. పెరిగింది వాషరు వల్ల కాదు. ఆకురాయి వల్ల.

బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నా. తర్వాత ఆ నవ్వుని ఎటు తిప్పాలో తెలీలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మిషన్ల సంగతిలో ఆయన్ని తప్పు పట్టడానికి నాకు దొరికింది ఇదొక్కటే. దొరికేసరికి మనిషి లేరు. కోచ్‌కి చెప్తే సారు గౌరవం తగ్గుతుందేమో. పక్కింటివాళ్ళకి చెప్పాలంటే క్రోనోగ్రాఫ్ అంటే ఏంటో దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా సంఘంలో పోయినవాళ్ళతో మాట్లాడే అలవాటు లేదు. ప్రార్థన దేవుడికే. ఇంటికొచ్చి దీపం వేళకి మోకరించి, రైఫిలు విప్పనివ్వనందుకు వందనాలు చెప్పా. కోచ్ ఓపికకి చెప్పా, ఆ టేపుకి కూడా చెప్పా. చివర్న ఉండబట్టలేక, "ప్రభువా, ఆయన నీ దగ్గరే ఉన్నారు గదా. అది వాషరు వల్ల కాదంట అని నువ్వే చెప్పు. కాస్త నవ్వుతూ చెప్పు, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు" అన్నా.

ఆమెన్ అన్నాక కూడా లేవబుద్ధి కాలేదు. ఆయనుంటే ఒప్పుకునేవారా? "ఆ కోచ్‌గాడికి టేపు పట్టుకోవడం చేతకాదు" అని గంటసేపు వాదించేవారు. ఆ వాదన లేక ఇల్లంతా చప్పుడు చెయ్యకుండా ఉంది. అలాగే కాసేపు చాపమీద కూర్చుని, తర్వాత లేచి బియ్యం కడిగా.