మూత మూసినా నిద్రపోని ల్యాప్‌టాప్

విదేశంలో, ట్రుగనీనా అనే నగర శివారులో, గోదాముల మధ్య ఒక చిన్న కంపెనీ పొలాల్లో, గనుల్లో వాడే గట్టి ల్యాప్‌టాప్‌లు తయారుచేస్తుంది. అమలాపురం అమ్మాయి ఉదయలక్ష్మిది అక్కడ ఫర్మ్‌వేర్ పని. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోవాలన్నా, తెరిస్తే లేవాలన్నా ఆమె రాసిన కోడే చెప్పాలి.

ఆ శీతాకాలం ఫిర్యాదులు మొదలయ్యాయి. మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ దానంతటదే లేచి, కాలిపోయేంత వేడెక్కి, ఛార్జంతా అయిపోతోంది. ల్యాబ్‌లో మాత్రం ఎన్నిసార్లు మూసినా బుద్ధిగా నిద్రపోయేది. ఉదయలక్ష్మికి తిండి సహించడం మానేసింది.

మేనేజర్ జనార్దనరావు విసుక్కున్నాడు. “ఏంటమ్మా ఉదయా, ఇంకా దొరకలేదా? స్లీప్ డిసేబుల్ చేసి రిలీజ్ చేసెయ్.”

“అలాగైతే ప్రతిసారీ షట్‌డౌన్ చేసి ఆన్ చేసుకోవాలండీ. అవతల ఆవు ఈనుతుంటే పశువుల డాక్టరు స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటాడా?”

ఫిర్యాదు చేసినవాళ్లలో లాక్లన్ అనే పశువుల డాక్టరు ఉన్నాడు. ఉదయలక్ష్మి అతనికి ఫోన్ చేస్తే, “నా బండెక్కి చూడు” అన్నాడు. బల్లారట్ ఊరు దాటాక మట్టిరోడ్డు మీద బండి గడగడలాడింది. ఉదయలక్ష్మి ఒళ్లో మూసి పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ గుర్రుమంది.

“ఆపండి! లేచింది!” అని ఆమె అరిచింది.

కారణం దొరికింది. కుదుపుకి మూత రవ్వంత కదిలితే తెరిచారనుకుని లేస్తోంది. వెంటనే మూత మూసుకున్న కబురు, ఇంకా పూర్తిగా మేలుకోని యంత్రానికి అందడం లేదు. లేచాక ఒకసారి మూత సంగతి మళ్లీ అడిగి, మూసి ఉంటే తిరిగి పడుకోబెట్టాలి. కొద్దిపాటి కోడ్. అదే మట్టిరోడ్డు మీద మళ్లీ పరీక్షిస్తే కిక్కురుమనలేదు.

జనార్దనరావు మెచ్చుకున్నాడు. “గుడ్ వర్క్. కానీ ఈ రిలీజ్ లాక్ అయిపోయిందమ్మా, ఇక మార్చకూడదు. నెక్స్ట్ దాంట్లో పెడదాం. అప్పటిదాకా స్లీప్ ఆఫ్.”

“తప్పెక్కడుందో తెలిశాక కూడానా? లాక్లన్‌కైనా ఇవ్వనివ్వండి!”

ఆమె చాలాసేపు వాదించాక, “సరే, టెస్ట్ వెర్షన్ అని చెప్పి ఇవ్వు” అన్నాడు.

ఉదయలక్ష్మి పార్కింగ్‌లోకి వెళ్లి, కారు తలుపులేసుకుని, స్టీరింగ్‌ని గట్టిగా గుద్దింది. కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత లోపలికొచ్చి లాక్లన్‌కి కొత్త కోడ్ పంపింది. అతని ల్యాప్‌టాప్ ఇప్పుడు సంచిలో చల్లగా పడుకుంటోంది. మిగతా అందరికీ స్లీప్ తీసేసిన వెర్షనే వెళ్లింది, వెర్షన్ వివరాల్లో ‘తయారుచేసినవారు’ అన్న చోట ఆమె పేరుతో.