లేని కంప్యూటరును లేపే నిరోషా

నా బిడ్డ నిరోషా ఇంజనీరింగ్ చదివి సున్నాలు పెట్టే ఉద్యోగం తెచ్చుకుంది. తాండూరులో మా రెండు గదుల ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. ఉన్న కంప్యూటరు లోపల లేని కంప్యూటరును పుట్టిస్తారట. దానికో లేని మెదడు. ఆ మెదడులో రిజిస్టర్లని చిన్న చిన్న గళ్లు. అది లేవకముందే ఏ గడిలో ఏ అంకె ఉండాలో నా బిడ్డ నింపాలి. చాలావాటిలో సున్నానే. ఒక్కటి తప్పినా లేచీ లేవగానే పడిపోతుంది. లేనిదాన్ని లేపేవాళ్లకు నెల జీతం, ఉన్న బండలు కోసే నాకు రోజు కూలి. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఇంతకన్నా న్యాయం అడిగితే బాగుండదు.

ఆమె ఆరునెలల ట్రయల్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది. సాయంత్రం ఐదుకల్లా లేని కంప్యూటరు లేస్తేనే ఉద్యోగం పక్కా. లేకపోతే ఇంటికి పంపేస్తారట. ఇంట్లోనే ఉన్నదాన్ని ఇంకెక్కడికి పంపుతారో!

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి ఆమె పై అధికారి నవీన్‌కుమార్ ఫోన్లో ఉన్నాడు.

“సున్నాలు పెట్టడానికి రెండు రోజులా నిరోషా?”

“చూస్తున్న సార్.”

పెద్దమనిషి. చేత్తో ఒక సున్నా పెట్టి ఎన్నేళ్లయిందో.

నా భార్య కృపారాణి పప్పు వడ్డిస్తూ అడిగింది. “ఎందుకు లేస్తలేదు బిడ్డా?”

“మొదటిసారి మంచిగనే లేస్తదమ్మా. ఆపి మళ్ల లేపితే పడిపోతది.”

“మీ నాయన గూడ గంతే. పొద్దుగాల లేస్తడు, తిని పండితే మళ్ల లేవడు.”

నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. నాకు మా కటింగ్ మిషన్ గుర్తొచ్చింది.

“ముందటోడు ఏదో ఇడిసిపోయిండు బిడ్డా,” అన్నాను. “నేను తిననీకొస్తే మిషన్ మీద మా జంగప్ప ఉంటడు. వాడు దిగినంక నేనెక్కుత. వాడు రెండు ఫీట్ల బండలు కోసి కొలత గట్లనే ఉంచి పోతడు. చూడకుంట బండ పెడితే ఫీటున్నర తెగాల్సింది రెండు ఫీట్లు తెగుతది. అందుకే ఎక్కంగనే కొలతంత ఎనుకకు గుంజి మళ్ల మొదటిసంది పెడ్త.”

“నేను గూడ అన్నీ నింపిన నాయనా.”

“నింపినయి కాదు. ఖాళీగున్నయని నింపనియి చూడు.”

నిరోషా ఎంగిలి చేయి కడుక్కుని కూర్చుంది. ఒక గడిని ఆమె ముట్టుకోనే లేదట. మొదటిసారి అందులో ఎలాగూ సున్నానే. రెండోసారికి పాత అంకె మిగిలిపోయింది. లేని మెదడు లేవగానే తన పాత పని ఇంకా సగంలో ఉందనుకుని, లేని చోటికి పరుగెత్తి పడిపోతోంది. ఒక్క లైను రాసింది. ఆపింది, లేపింది. మళ్లీ ఆపింది, లేపింది. అలా పదిసార్లు చేసింది, పదిసార్లూ లేచింది.

నవీన్‌కుమార్ ఫోన్లో మెచ్చుకున్నాడు. “ఒక్క లైనుకు రెండు రోజులా?” ఆ తర్వాతే, “సరే, సోమవారం పర్మనెంట్ లెటర్ పంపిస్తా” అన్నాడు.

కృపారాణి నా వైపు తిరిగింది. “ఇన్నవా? బిడ్డ నౌకరి పక్కా అయింది. ఇగ నువ్వు బండల పని బంద్ చెయ్.”

“చేస్త,” అన్నాను చెప్పులు వేసుకుంటూ. “జంగప్ప కొలత ఏడ పెట్టిపోయిండో జర చూసొస్త.”